తోలు బెల్టు వాచీ

పోయిన మాఘమాసంలో ఒక బుధవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, మా కోడలు సుశీల ఒక వాచీని చేతిలోకి తీసుకుని, సెగ తగిలినట్టు వెనక్కి జరిగి, "అత్తా, దీన్ని షెడ్డు పక్కకు తేవద్దని చెప్పు నీ మనవరాలికి, ముక్కుపొడి వాసన కొడతా ఉండాది" అన్నది. గంట ఎంతైందో అంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే ఆ వాచీలోనే చూశాను కాబట్టి. ఆ మాట చెవిన పడిన దగ్గరినుంచి నాకు కుదురు లేదు. ఇది రాయడానికి కూడా మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లు లేచి పెరట్లో తిరిగి వచ్చాను. మా పుట్టింట్లో పట్టుపురుగులు ఒక పంట మొత్తం చచ్చిపోతే, చంపింది నేనేనని యాభై ఏళ్లకు పైబడి నా మీద ఒక నింద ఉంది. అది నిజమో కాదో ఆ బుధవారం మధ్యాహ్నం అన్నం వేళకు తేలింది. ఎట్లా తేలిందో చెప్పాలంటే ముందు మా నందిని వాచీ యవ్వారం చెప్పాలి.

నందిని నా కొడుకు మాదేశు కూతురు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. జీతం పెరిగింది. పెరిగిన డబ్బుతో మొదటిసారి తనకోసం ఒక మంచి వాచీ కొనుక్కోవాలని పట్టుపట్టింది. మంచిది అంటే మామూలు మంచిది కాదు, పేరున్న విదేశీ వాచీ. బెంగుళూరు షోరూములో కొత్తది ఒకటి చూసి పెట్టుకుంది. ఈలోగా ఆఫీసులో పాత వాచీలు పోగుచేసే ఆయన ఒకాయన, తన దగ్గరున్న ఒకదాన్ని "రెండు దినాలు చేతికి కట్టుకుని చూడమ్మా, నచ్చితే మాట్లాడుకుందాం" అని ఇచ్చి పంపాడు. కొత్తదా పాతదా తేల్చుకోలేక ఆ పిల్ల తమిళనాడులో ధర్మపురి పక్క మా ఏరియూరుకు బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. వాళ్లమ్మను అడగవచ్చు కదా అంటే, వాళ్లమ్మ జవాబు ముందే తెలుసు.

"ఆ దుడ్డుకు గొలుసు చేయించుకుంటే మెడలో పడి ఉంటాది. గంట చూసేదానికి ఫోను లేదా?" అన్నది సుశీల.

"గొలుసు వేసుకుని బస్సెక్కితే నువ్వే గదమ్మా కొంగు కప్పుకో, కొంగు కప్పుకో అని ప్రాణం తీస్తావు. కప్పుకునేదానికి గొలుసెందుకు?" అని నందిని నా వైపు తిరిగింది. "అవ్వా, నువ్వు చెప్పు. ఇది వింటేజి."

"అంటే?"

"పాతది. అరవై ఏండ్లదంట."

"పాతదాన్ని పాతదంటే ధర రాదని ఇంకో పేరు పెట్టినారా?"

"సుమ్మా ఉండవ్వా, ఊరికే ఎక్కిరిస్తావు. దీనికి బ్యాటరీ లేదు తెలుసా, దినామూ కీ ఇయ్యాల."

"కీ ఇచ్చేది నాకు నేర్పిస్తావా?" అన్నాను. ఆ పిల్లకు తెలియదు, నేను అక్షరం ముక్క రాని కాలంలోనే గడియారం చదివినదాన్నని. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. కుప్పం నుంచి మా ఇంటికి వచ్చిన ఈ సుశీలే పలక పట్టించి తెలుగు నేర్పింది. అంకెలు, ముళ్లు మాత్రం పదహారేళ్లకే నావి.

అడిగింది కాబట్టి చెప్పాను. కొత్తదాని మీద ఇంకెవరి చెమటా ఉండదు, నీదే మొదటిది. చెడిపోతే పోయి తట్టడానికి ఒక తలుపు ఉంటుంది. అయితే అంగడి మెట్లు దిగిన గంటకే దాని ధర కూడా దిగుతుంది. పాతదానికి దిగాల్సిందంతా ఇంకొకడి చేతిమీదే దిగిపోయి ఉంటుంది, ఆ లాభం నీది. కానీ ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, పాత వాచీ కొనేవాళ్లు వెనక మూత తీయించి తుప్పు చూడాలి, లోపలి భాగాలు దానివేనా లేక నాలుగు వాచీల ముక్కలు కలిపి కుట్టారా చూడాలి, కీ తిప్పితే గరగర అంటుందా మెత్తగా పోతుందా చూడాలి. అన్నిటికంటే ముందు, ఇచ్చేవాడు ఎందుకు వదిలించుకుంటున్నాడో అడగాలి. నందిని తలూపుతూ, "అన్నీ చూపించినానవ్వా. మిషను ఒరిజినలు, ముళ్లు ఒరిజినలు, లోపలి తెల్ల పలక కూడా మళ్లీ రంగు కొట్టింది కాదు. ఇంకో సంగతి, బెల్టు కూడా మొదటిదే. అట్లా దొరికేది రొంబ కష్టం, దానికే విలువ" అని గర్వంగా వాచీని తీసి వాళ్లమ్మ చేతికి ఇచ్చింది. సుశీల వెనక్కి జరిగింది అప్పుడే.

మా ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఉంది. మాదేశు మల్బరీ పెంచుతాడు, సుశీల పురుగులు సాకుతుంది. పురుగులు సాకే ఇంట్లో పొగాకు, ముక్కుపొడి, అత్తరు, దోమల బత్తి, ఏదీ లోపలికి రాకూడదు. ముఖ్యంగా పొగాకు. ముక్కుపొడి అంటుకున్న చేత్తో ఆకు ముట్టుకుంటే చాలు, ఆ ఆకు తిన్న పురుగు తల పైకెత్తి, ఆకుపచ్చ నీళ్లు కక్కి, మెలికలు తిరిగి చచ్చిపోతుంది. అందుకే సుశీలకు అంత బెదురు. నా ముక్కుకు కూడా ఆ వాసన అందింది. పాత తోలు, ఎండిన చెమట, వాటి అడుగున ఘాటుగా ముక్కుపొడి. ఆ మూడూ కలిసిన వాసన నాకు తెలుసు. ఎక్కడిదో తెలియడానికి ఒక నిమిషం పట్టింది. తెలిసేసరికి సుశీల చెయ్యి పట్టుకుని బెల్టును ఇంకోసారి వాసన చూశాను. మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న మా అక్క రాజమ్మ తలెత్తి, "ఏమయిందే గంగా, అట్లయిపోయినావు?" అని అడిగింది. అక్క ధర్మపురిలో కంటి డాక్టరుకు చూపించుకోవడానికి బి. మల్లాపురం నుంచి వచ్చి రెండురోజులుగా మా ఇంట్లోనే ఉంది.

మా పుట్టిల్లు హరూర్ దగ్గర. రాగులు, వేరుశనగ, ఒక బావి. నాకు ఊహ తెలిశాక మా పక్కకు పట్టు వచ్చింది. మా నాయన అందరికంటే ముందు రెండు మళ్లలో మల్బరీ నాటి, ఇంటి నడవను ఖాళీ చేయించి పురుగుల గది చేశాడు. రాగుల గరిసె వాకిట్లోకి పోయింది, మేము వంటింట్లోకి పోయాము, నడవ పురుగులది. వెదురు తట్టలకు పేడ అలికి ఎండబెట్టి, పైన కాగితం పరిచి, మంచె మీద ఒకదానిపైన ఒకటి పెట్టేవాళ్లం. చీమలు ఎక్కకుండా మంచె కాళ్ల కింద నీళ్ల చిప్పలు. సున్నం వాసన, తడి గోనెల కింద ఉన్న ఆకు వాసన, పేడ వాసన. పురుగులు ఆకు తినే చప్పుడును అందరూ వాన చప్పుడు అంటారు. నాకు మాత్రం మా జేజి చాటలో రాగులు చెరుగుతున్నట్టు వినబడేది.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమెకు ముక్కుపొడి లేకపోతే పొద్దు పొడిచేది కాదు. నడుములో ఎప్పుడూ ఒక రేకు డబ్బీ. చీర కొంగు చివర, దిండు, దుప్పటి, చివరికి ఆమె కలిపి పెట్టే రాగిముద్ద కూడా ఆ వాసనే. పుట్టినప్పటినుంచి నేను పడుకుంది ఆమె పక్కన. పట్టు శాఖ నుంచి వచ్చిన ఆయన నడవలో పొగాకు వాసన రాకూడదని చెప్పిన రోజు, నాయన ఆమెను వీధి అరుగు మీదికి మార్చాడు. "నా ఇంట్లో నాకే తలుపు మూసినారు. పురుగులు కోడండ్లయినాయి, నేను పనిదాన్నయితిని" అని పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ చెప్పుకునేది. శాఖ ఆయన చెప్పిన కట్టుబాట్లకు మావాళ్లు ఇంకొకటి చేర్చారు. బయట చేరిన ఆడది, అంటే ముట్టయినది, మూడు దినాలు పెరట్లో కూర్చోవాలి, పురుగుల గడప తొక్కకూడదు. ఇది ఆయన చెప్పలేదు. మావాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

గుడ్డు పగిలి వచ్చిన చీమంత పురుగుకు ఆకును పొగాకు తురుములా సన్నగా తరిగి, గంట ప్రకారం పెట్టాలి. మాకు గంట అంటే నీడ. మబ్బు పట్టినరోజు నీడ ఉండదు. దానితో నాయన వాచీ కొంటానని బయలుదేరాడు. ఆ దుడ్డుకు హరూర్‌లో కొత్త వాచీలు దొరికేవి, కాగితం రాసి ఇచ్చేవాళ్లు కూడా. మా మేనమామ "బావా, కొత్తది కొను, చెడితే అడగొచ్చు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. నాయన వినలేదు. సంత వీధిలో ముక్కుపొడి అంగడి షావుకారు ఒకాయన ఉండేవాడు. కండ్లు మసకబారి ముళ్లు కనబడక, తన చేతి వాచీ అమ్మేస్తున్నాడని తెలిసింది. స్విట్జర్లాండుది. బంగారు రంగు ముళ్లు. "కొత్తది ఎవడైనా కొంటాడు. ఇది షావుకారు చేతిది" అన్నాడు మా నాయన. ముప్పై ఏళ్లు ముక్కుపొడి కలిపిన చెయ్యి అది అని ఆయనకు తోచలేదు. మా ఎవరికీ తోచలేదు. ఎద్దు పళ్లు చూసే మనుషులం, మనిషి చేతిని చూశాము, ఆ చెయ్యి ఏం పని చేసిందో చూడలేదు.

వాచీ కట్టుకుని వచ్చిన రోజు ఎడమ చెయ్యిని ఒంటికి దూరంగా, పసిబిడ్డను మోస్తున్నట్టు పెట్టుకుని నడిచి వచ్చాడు. చదవడం రాదు. అది ఒప్పుకోలేక, ఎవరు ఎదురైనా చెయ్యి చాచి, "ఇదేమన్నా తప్పు పోతా ఉండాదేమో చూడప్పా" అనేవాడు. వాళ్లు గంట చెప్పేవాళ్లు, "సరి, సరిగ్గానే పోతా ఉండాది" అని తల ఊపేవాడు. పట్టు శాఖ ఆయన నాకు రెండు సాయంత్రాల్లో గంట చూడడం నేర్పాడు. పెద్ద ముల్లు, చిన్న ముల్లు, ఐదైదుగా నిమిషాలు. బడి మొహం చూడని దాన్ని, ఇంట్లో అందరికంటే ముందు గంట చెప్పేదాన్నయ్యాను. మబ్బు పట్టిన ఒక పొద్దున నాయన వాచీ విప్పి నా చేతికి కట్టాడు. "మేత గంట తప్పితే నిన్నే అడుగుతా" అన్నాడు. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

బెల్టు నా మణికట్టుకు చాలా పెద్దది. జారి అరచేతిలోకి వచ్చేది. ఇంకొక రంధ్రం పొడవమని అడిగితే, "స్విట్జర్లాండు తోలుకు మనూరి దబ్బనం గుచ్చుతారా ఎవురన్నా?" అన్నాడు నాయన. ఎడమ చేత్తో తడి ఆకుల కట్ట పట్టుకుని, కుడి చేత్తో కత్తి ఆడిస్తుంటే, ఆ బెల్టు జారి ఆకుల మీదే పడి ఉండేది. ఆ పొద్దున నేను తరిగాను, అక్క తట్టల్లో పరిచింది. ఒక మేత, రెండో మేత. మధ్యాహ్నానికి ఒక తట్టలో పురుగులు తల ఎత్తి నిలబడ్డాయి. తర్వాత అన్ని తట్టల్లోనూ. పచ్చనీళ్లు. అమ్మ వచ్చి చూసి నేల మీద కూలబడింది.

అరుగు మీదనుంచి జేజి, "ఆ వాచీ వచ్చినాకే ఇట్లయింది. వద్దంటే ఎవురిన్నారు?" అని అరిచింది. నాయన కోపంగా, "వాచీ పురుగుల్ని తింటాదామ్మా?" అన్నాడు. జేజి దిష్టి అనుకుని అన్నది, మేము కూడా దిష్టి అనే విన్నాము. అమ్మ మాత్రం మా ఇద్దరి మొహాలు చూసి ఒకే మాట అడిగింది. "మీ ఇద్దరిలో ఎవురు బయట చేరినారు?"

"నేను కాదు" అన్నాను.

అక్క నేల చూస్తూ, "గంగ గుడ్డ పెరటి కంచె మీద చూసినాను" అన్నది.

అంతే. ఒట్టు పెట్టాను. ఏడ్చాను. కంచె దాకా పోయి చూద్దాం రండి అన్నాను. ఎవరూ రాలేదు, చూడాల్సినంత అనుమానం ఎవరికీ లేదు. నాయన నా చేతినుంచి వాచీ విప్పుకున్నాడు. ముట్టు లేకుండానే మూడు దినాలు నన్ను పెరట్లో కూర్చోబెట్టారు. ఆ మూడు దినాల మధ్యలోనే బి. మల్లాపురం వాళ్లు అక్కను చూడడానికి వచ్చారు, పట్టు సాకే ఇల్లు, మంచి ఇల్లు. సంబంధం కుదిరింది. లోపల వాళ్లు నవ్వుకోవడం, గ్లాసుల చప్పుడు నేను వేపచెట్టు కింద కూర్చుని విన్నాను. ఆ తర్వాత నాయన వాచీని ఎవరికీ ఇవ్వలేదు. బీడీ తాగే మనిషి కాబట్టి ఆయన పురుగుల గదిలోకి వచ్చేవాడు కాదు, అందుకే ఆ వాచీ మళ్లీ ఆకును ముట్టలేదు, అసలు సంగతి బయటపడే దారీ లేకపోయింది.

పురుగుల్ని చంపిన చెయ్యి అని పేరు పడింది. పట్టు సాకే ఏ ఇంటినుంచీ నన్ను అడగలేదు. ఏరియూరులో వాన మీదే ఆధారపడే మానావరి రాగులు పండించి, మిగిలిన కాలం కట్టడాల పనికి పోయే మనిషికి ఇచ్చారు. మంచివాడే, పోయినాడు. ఆయనతో పాటు నేనూ ధర్మపురిలో సిమెంటు తట్టలు మోశాను. ఇప్పుడు బస్సు దిగితే కనబడే మేడల్లో కొన్నిటికి నా నెత్తి తెలుసు. ఆ కూలి సిగ్గని నేను అనను. కానీ మాదేశు పెద్దవాడై షెడ్డు కట్టి పురుగులు తెచ్చిన రోజునుంచీ నేను ఆ గడప తొక్కలేదు. తోటలో కలుపు తీస్తాను, కోసిన ఆకును మాత్రం ముట్టను. "అవ్వ లోపలికి రాదు" అనేది ఇంట్లో ఒక అలవాటు, ఎందుకని అడిగేవాళ్లు కూడా లేరు. అబద్ధమెందుకు, ఆ నిందను నేనూ నమ్మాను. ముట్టు కాకపోతే ఇంకేదో నా చేతిలోనే ఉందని. ఇంకా పెద్ద తెలివితక్కువ ఒకటుంది. మా సుశీల నెలలో ముప్పై దినాలూ ఆ షెడ్డులో పనిచేస్తుంది. ఏ దినమూ దూరం కూర్చోలేదు. పంట పంటకీ పట్టుగూళ్లు రాయిలాగా గట్టిగా దిగుతున్నాయి. పన్నెండేళ్లుగా అది కళ్లముందు చూస్తూ, ఇప్పటి పురుగులు వేరే జాతి, వీటికి పట్టింపు లేదు కాబోలు అనుకున్నానే గాని, నా సంగతికి దాన్ని జత చేసి చూడలేదు.

జేజి పక్కన పడుకున్నన్నాళ్లు ముక్కుపొడి నాకు వాసన కాదు, ఇల్లు. అందుకే ఆ రోజు బెల్టు నా అరచేతిలో ఉన్నా నా ముక్కు చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో ముక్కుపొడి పీల్చేవాళ్లు లేరు. సబ్బు వాసన, ఫినాయిలు వాసన అలవాటైన ముక్కు, ఒక నిమిషంలో చెప్పేసింది.

"సుశీలా, ఎనిమిది పురుగులు తీసుకురా" అన్నాను.

"ఎందుకత్తా?"

"తీసుకురా. రెండు తట్టలు, గుప్పెడు ఆకు కూడా."

రెండో జ్వరం లేచిన పురుగులు, అంటే రెండోసారి కుబుసం విడిచి మళ్లీ మేతకు వచ్చినవి, తెచ్చింది. నాలుగు ఒక తట్టలో, నాలుగు ఇంకొక తట్టలో వేశాను. నందినితో బెల్టు విప్పమన్నాను. చెంబులో ముంచాలి అనేసరికి ఆ పిల్ల కెవ్వుమంది. "అవ్వా! తడిపితే విలువ పోతాది. అది ఇంకా నాది కాదు!"

"పోతే నా కమ్మలు ఇచ్చి తీరుస్తా. విప్పు."

నా మొహం చూసి విప్పింది. తడిపిన బెల్టును ఆకుకు రెండు పక్కలా రుద్ది, ఆ ఆకు ఒక తట్టలో వేశాను. రెండో తట్టలో సుశీల తన చేత్తో మామూలు ఆకు వేసింది. బెల్టు లేని వాచీని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నానంటే ఊరికే అన్నాను, లేస్తూ, వంగి చూస్తూ, వాకిలి దాకా పోతూ వస్తూ ఉన్నాను. "అవ్వకు ఏమైందమ్మా?" అని నందిని గుసగుసగా అడుగుతోంది. అప్పుడు వాళ్లిద్దరికీ మొత్తం చెప్పాను, ఇప్పుడు రాసినంతా. అక్క వింటూనే ఉంది. చేతిలో చింతపండు అట్లాగే ఉంది, గింజ తీయడం మానేసింది.

పన్నెండుకు ఐదు నిమిషాలు ఉండగా బెల్టు రుద్దిన తట్టలో ఒక పురుగు తల పైకెత్తింది. దాని పక్కది కూడా. నోటినుంచి పచ్చనీళ్లు. రెండో తట్టలో నాలుగూ ఆకు అంచునుంచి కొరుక్కుంటూ లోపలికి పోతున్నాయి.

అక్క లేచి వచ్చింది. జిగట చేతులతో గోడ పట్టుకుని వంగి చూసింది. ఒక కన్ను సరిగా కనబడదు, ఇంకా వంగింది.

"ఆనాడు ఇట్లనే గదా గంగా?"

"ఇట్లనే."

"అయితే... నా వల్ల కాదా?"

నాకు అర్థం కాలేదు. "నీ వల్ల ఎందుకయితాదక్కా? నింద పడింది నా మీద గదా."

"ఆ గుడ్డ నీది కాదు. నాది" అన్నది అక్క. "తెల్లారి లేస్తానే బయట చేరితిని. మల్లాపురం వాళ్లు మర్నాడు వస్తా ఉండారు. రెండు మార్లు తప్పిపోయి ఉండె. నేను పెరట్లో కూర్చుంటే మూడో మారు వాళ్లు వస్తారా? ఎవురికీ చెప్పకుండా దాచుకుంటిని. ఆకు పరిచింది నేనే. నా చేత్తో చచ్చిపోయినాయి అనుకుంటిని. అమ్మ అడిగేసరికి నోటికి నీ పేరు వచ్చె." గోడ వదిలి నా వైపు తిరిగింది. "ఆ ఇంటికి పోయి ఎన్ని పంటలు చూసినానో. ఒక పంటనన్నా నిమ్మళంగా చూడలేదు గంగా. ప్రతి మారూ, ఇప్పుడు చస్తాయి, ఇప్పుడు నా సంగతి బయటపడతాది అనే ఉండె."

అక్క ఏడుస్తోంది. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది, అదే నాకు మంట పుట్టించింది. ఆమె భారం దిగింది. నా సంగతి? నేను బయటికి పోయి, గేటు దాకా నడిచి, తిరిగి వచ్చాను.

"పురుగుల్ని నువ్వు చంపలేదు. అది వాచీ చేసింది. నా పేరు చెప్పింది మాత్రం వాచీ కాదు గదక్కా?"

"కాదు. నేనే."

సుశీల నా చెయ్యి పట్టుకుని, "పోనీలే అత్తా, పెద్దత్తకు కండ్లు బాగలేదు, ఏడవకూడదంట" అన్నది.

"నువ్వు సుమ్మా ఉండు. పోనిచ్చి పోనిచ్చే ఇంత కాలమయింది" అన్నాను. "అక్కా, ఇప్పుడు చెప్పిన మాట లేచి నిలబడి చెప్పు. అందరికీ వినబడేటట్లు చెప్పు. నందినీ, మీ నాయన తోటలో ఉంటాడు, పిలుచుకుని రా."

పెద్దవయసు మనిషిని అట్లా నిలబెట్టానని తర్వాత నందిని నన్ను కోప్పడింది. కోప్పడనీ. మాదేశు వచ్చేదాకా ఆగాము. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, నిటారుగా నిలబడి చెప్పింది. "గంగ ఆ దినం బయట చేరలేదు. నేను చేరి ఉంటిని. దాని మీద అబద్ధం చెప్పితిని." మా అక్క ధైర్యం చేస్తే అట్లాగే చేస్తుంది. కొంచెం ముందు చేసి ఉంటే బాగుండేది.

నందిని చివరికి కొన్నది పాతదే. ఇచ్చినాయనకు జరిగింది దాచకుండా చెప్పింది. బెల్టు తడిసినందుకు ఆయన కొంత గొణిగి, ముక్కుపొడి సంగతి విని, అది తన మేనత్త భర్త వాచీ అని, ఆయన నిద్రలో కూడా ముక్కుపొడి వదిలేవాడు కాదని ఒప్పుకున్నాడంట. కొత్త బెల్టు వేయించి కట్టుకుని తిరుగుతోంది. కొత్తదా పాతదా అని ఇంకెవరన్నా అడిగితే నేను అదే చెబుతాను. పాతది కొనండి, కొనే ముందు మిషను చూసేవాడికి ఒకసారి చూపించండి, ముక్కు బాగున్నవాళ్లకు ఒకసారి చూపించండి. షెడ్డులోకి నేను పోయానా అంటే, ఇంకా పోలేదు. రెండుసార్లు గడప దాకా పోయాను. సుశీల లోపలినుంచి "రా అత్తా" అంటూనే ఉంది. కాలు లేవడంలేదు. నింద పోయినంత తొందరగా అలవాటు పోదు. అక్కతో మాట్లాడుతున్నానా అంటే, మాట్లాడుతున్నాను. కంటి ఆపరేషనుకు నేనే తోడు పోయాను. దారి పొడుగునా పోట్లాడుకుంటూనే పోయాము.

ఆ మధ్యాహ్నం మా అక్క ఆ మాట చెప్పినప్పుడు ఎదుట ఉండి విన్నవాళ్ల పేర్లు రాసి పెడుతున్నాను. ఆనాడు మా నడవలో అంతమంది ఉండి కూడా నాకు ఒక్క సాక్షి లేకపోయింది కాబట్టి రాస్తున్నాను. నా కొడుకు మాదేశు, తోటలోనుంచి మట్టి చేతులతోనే వచ్చాడు. కోడలు సుశీల. మనవరాలు నందిని. పాలు పోయడానికి వచ్చి వాకిట్లో చెంబుతో నిలబడిపోయిన పక్కింటి వళ్లి. ఆమెది తమిళం, మా మాట సగమే తెలుస్తుంది, అందుకని అక్క చేత ఆమె కోసం మొత్తం ఇంకొకసారి తమిళంలో చెప్పించాను. చెప్పినది, బి. మల్లాపురం రాజమ్మ. విన్నది, ఆమె చెల్లెలు గంగమ్మ.